అతుకు కనపడకూడదు, తెలియాలి

ఫైబర్‌గ్లాస్‌తో చేసే ఏ వస్తువుకైనా మొహం ముందు తయారవుతుంది, ఒళ్ళు తర్వాత. పని జరిగే వరసే అది. అచ్చు లోపలి గోడలకు మైనపు పాలిష్ పట్టించి, దాని మీద రంగు కలిపిన జెల్‌కోట్ పూస్తారు. రేపు ముక్క బయటికి వచ్చాక మనం చేత్తో నిమిరి మెచ్చుకునే నునుపూ మెరుపూ ఆ పూతవే. దాని మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. అది చేతికి అంటీ అంటకుండా ఆరాక గాజుపీచు మ్యాట్ పరవాలి, రెసిన్‌తో తడపాలి, రోలర్‌తో గాలి బుడగల్ని తరమాలి, మళ్ళీ మ్యాట్ పరవాలి. 450 గ్రాముల మ్యాట్ ఒక పొర వేస్తే సుమారు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. ఆరు మిల్లీమీటర్లు కావాలంటే ఆరు పొరలు.

అంటే బలం కోసం చేసే పని మొదలయ్యేసరికే అందం కోసం చేసే పని ముగిసిపోయి ఉంటుంది. ఆరు పొరలు వేయాల్సిన చోట మూడే వేసినా, మ్యాట్ సరిగ్గా తడవక మధ్యలో పొడిగా మిగిలిపోయినా, అచ్చులోంచి ఊడివచ్చే ముక్క అంతే నున్నగా ఉంటుంది. చెక్కతో ఈ మోసం ఇంత సులువు కాదు. చెక్క మన చేతికి రాకముందే చెక్క. దాని ముడులు, పగుళ్ళు, చెద తిన్న చోట్లు దాని మీదే ఉంటాయి, తెలిసిన వడ్రంగి వాటిని చదవగలడు. ఫైబర్ అట్లా కాదు. డ్రమ్ములో ఉన్న రెసిన్ ఇంకా పదార్థమే కాదు, చిక్కటి ద్రవం. అందులో నూటికి ఒకటో రెండో పాళ్ళు హార్డెనర్ కలిపాక, పని చేసేవాడి చేతుల్లో ఇరవై నిమిషాల్లో అది పదార్థం అవుతుంది. వస్తువునీ, ఆ వస్తువు దేనితో అయిందో దాన్నీ ఒకే మనిషి ఒకేసారి తయారుచేస్తాడు. అది మంచిదా చెడ్డదా అన్న సంగతికి ఆ ఇరవై నిమిషాల్లో ఉన్న సాక్షి అతనొక్కడే.

నేను ఈ వ్యాసంలో అడగదలుచుకున్న ప్రశ్న ఇక్కడ పుడుతుంది. ఒక పాత వస్తువును బాగుచేసినప్పుడు, బాగుచేసిన సంగతిని మనం ఎవరికి బాకీ ఉంటాం? నున్నగా, గట్టిగా చేసి ఇస్తే సరిపోతుందా? లేక ఎక్కడ అతికామో, దేనితో అతికామో కూడా చెప్పి తీరాలా?

కడప జిల్లా పెద్దముడియంలో కూర్చుని పడవల గురించి రాయడమేమిటని మీకు అనిపించొచ్చు. మా మండలం మీదుగా పారే కుందూనది వేసవిలో ప్యాంటు మడిచి దాటేంత ఉంటుంది, వానలు ఎక్కువైతే ఊళ్ళకు దారులే తెగిపోతాయి. అది పోయి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఆ పెన్న మీదే జమ్మలమడుగు పక్కన మైలవరం జలాశయం, దానికి ఎగువన గండికోట. నీళ్ళున్నచోట చేపలు, చేపలున్నచోట వాటిని పట్టేవాళ్ళు ఉంటారు. మా వైపు వాళ్ళ వాహనం పుట్టి. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, పూర్వం తోలు కప్పేవాళ్ళు. తర్వాత తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టా వచ్చాయి, ఇప్పుడు ఫైబర్ పుట్టీలు దొరుకుతున్నాయి. కోస్తాలోనూ ఇదే కథ. ఉత్తరాంధ్ర బెస్తలు తేలికపాటి దుంగల్ని తాళ్ళతో కట్టి చేసుకునే తెప్పల చోట్లోకి ఫైబర్ తెప్పలు వచ్చాయి. సరైన దుంగలు దొరకడం కష్టమవడం ఒక కారణం, మోటారు బిగించుకునే వీలుండటం ఇంకో కారణం. చెక్క పని తరాల విద్య. ఫైబర్ పని కొన్ని నెలల్లో నేర్చుకోవచ్చు. ఇంటి పెరట్లో కూడా చేసుకోవచ్చు.

మేం చేసుకున్నది పెరట్లోనే. జమ్మలమడుగులో ఉండే మా బావ చేపల పని కోసం పదహారడుగుల పాత ఫైబర్ పడవ ఒకటి నెల్లూరు వైపు నుంచి లారీలో తెప్పించాడు. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఇంటి నుంచి పని చేసుకునే రోజుల్లో ఊళ్ళో ఉంటాను. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా పడవ, తర్వాత ల్యాప్‌టాప్. ఆ వేళలు కావాలని పెట్టుకున్నవే. మా ఎండల్లో తొమ్మిది దాటితే రెసిన్ మన మాట వినదు, ఇరవై నిమిషాల్లో ముదరాల్సింది పదిలోనే డబ్బాలో గడ్డకట్టి పొగలు కక్కుతుంది.

పడవకు సామాన్ల అర మూత పగిలిపోయింది. అట్లాంటిది బజారులో దొరకదు. ఆ పడవ చేసినవాళ్ళ అచ్చులో పుట్టిన మూత అది, ఆ అచ్చు ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలియదు. కాబట్టి మనమే చేయాలి. దీనికో పద్ధతి ఉంది. పగిలిన మూత ముక్కల్ని కలిపి నిలబెట్టాలి. పోయిన అంచుల్ని లప్పంతో నింపి, నీటి ఎమెరీ కాగితంతో రుద్ది, అద్దంలా చేయాలి. దాని మీద మైనం పట్టించి, దాని మీదే ఫైబర్ పరిచి అచ్చు తీయాలి. ఆ అచ్చులో కొత్త మూత పోయాలి. గమనించండి, కొత్తది చేయడానికి ముందు పాతదాన్ని అది ఎన్నడూ లేనంత బాగా తయారుచేయాల్సి వస్తుంది. పాత మూతకు ఒక మూల కాస్త వంకర ఉండేది. అది మొదటి నుంచీ ఉన్న వంకరా, ఎండకు వచ్చిందా? అచ్చు తీసేముందు సరిచేయాలా, అట్లాగే ఉంచాలా? 'ఉన్నదాన్ని ఉన్నట్టు బాగుచేయడం' అనేది మాటవరసకే సులువు. ఏ 'ఉన్నట్టు' అన్నది ఎవరో ఒకరు తేల్చాలి, తేల్చేవాడు బాగుచేసేవాడే.

మూత సంగతి సరదా. ముక్కు దగ్గర దొరికింది సరదా కాదు. పాత రంగు గీకుతుంటే అడుగున ఒకచోట పొడిపొడిగా రాలింది. నీటి మట్టానికి కింద, అరచేయంత మేర, ఎవరో కార్ల డొక్కులకు వాడే లప్పం నింపి, పైన ఒకే ఒక్క మ్యాట్ వేసి, రంగు కొట్టి, తోమి మెరుగు పెట్టారు. లప్పం గుంటలు పూడ్చడానికి పనికొస్తుంది గానీ బరువు మోయదు, నీళ్ళు తాగుతుంది. ఆ పడవ అలలు లేని చోట తిరిగింది కాబట్టి నిలబడింది. చేసినవాడు ఎవరో మాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు. బావ చాలాసేపు తిట్టుకుని, చివరికి నవ్వి అన్నాడు: "నున్నగుంటే సాలురా, లోపలేముందో ఎవురు చూచ్చారు?" తిట్టులా మొదలైన ఆ మాట నాకు తర్వాత చాలా పని పెట్టింది.

పడవల్ని బాగుచేయడం గురించి తత్వశాస్త్రంలో ఒక ప్రసిద్ధమైన చిక్కుంది. ప్లూటార్క్ చెప్పిన కథ: థీసియస్ తిరిగి వచ్చిన ముప్ఫై తెడ్ల ఓడను ఏథెన్సు వాళ్ళు శతాబ్దాల పాటు కాపాడుకున్నారు, పుచ్చిన పలక తీసేసి కొత్త పలక వేసుకుంటూ. అన్ని పలకలూ మారిపోయాక అది అదే ఓడా, వేరే ఓడా అని అక్కడి తత్వవేత్తలు వాదించుకునేవాళ్ళు. 1655లో వచ్చిన పుస్తకంలో హాబ్స్ దీనికి ఇంకో మెలిక పెట్టాడు. తీసేసిన పాత పలకలన్నీ ఎవడో దాచి మళ్ళీ ఓడగా కూర్చితే ఏది అసలుది? మన వైపు మిళిందపన్హంలో నాగసేనుడు మిళిందరాజుకు రథం గురించి చెప్పింది దీనికి దగ్గరిదే. ఇరుసు రథం కాదు, చక్రం రథం కాదు, ఇవి వేరుగా ఉండి ఇంకెక్కడో రథం అని ఒకటి లేదు, ఆ కూర్పుకు మనం పెట్టుకున్న పేరే రథం.

ఈ చర్చలు నాకు చాలా ఇష్టం. కానీ పెరట్లో గ్రైండర్ పట్టుకుని నిలబడ్డాక ఒకటి అర్థమైంది. ఇవన్నీ ఒడ్డు మీద నిలబడి అడిగిన ప్రశ్నలు. ఏథెన్సు వాళ్ళ ఓడ ఎక్కడికీ పోదు, అది జ్ఞాపకచిహ్నం. నాగసేనుడి రథంలో రాజు వచ్చాడు గానీ, ఇరుసు ఎవరు మార్చారు, ఏ కర్రతో మార్చారు అన్నది అక్కడ ప్రశ్న కాలేదు. నీళ్ళ మీదికి పోయే పడవ విషయంలో "ఇది అదేనా?" అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న "దీనికి పూచీ ఎవరిది?" పలక మారితే మారనీ. మార్చినవాడు ఆ మార్పుకు కట్టుబడి ఉన్నాడా, తప్పించుకున్నాడా?

పూచీ అన్నది ఇక్కడ ఊరికే నీతిపదం కాదనడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. ఫైబర్‌లో రూపాయి బిళ్ళంత కన్నాన్ని రూపాయి బిళ్ళంత అతుకుతో పూడ్చలేం. పాత ఫైబర్ పూర్తిగా గట్టిపడి ఉంటుంది. దాని మీద కొత్త రెసిన్ పోస్తే రెండూ రసాయనికంగా కలవవు, కొత్తది పాతదాని గరుకును పట్టుకుని వేలాడుతుంది అంతే. పట్టు చాలాలంటే పట్టుకునే చోటు విశాలంగా ఉండాలి. అందుకని కన్నం చుట్టూ మంచిగా ఉన్న ఫైబర్‌ను కూడా వాలుగా అరగదీస్తారు, మందానికి పన్నెండు రెట్లు దూరం దాకా. ఆరు మిల్లీమీటర్ల గోడకు అన్ని వైపులా డెబ్బై రెండు మిల్లీమీటర్లు. రెండున్నర సెంటీమీటర్ల కన్నం కాస్తా దాదాపు పదిహేడు సెంటీమీటర్ల పళ్ళెం అవుతుంది. కొత్తదాన్ని కలపాలంటే బాగున్న పాతదాన్ని పలచన చేయక తప్పదు. లప్పం నింపి పోయినవాడు చేయనిది ఈ పనే.

ఇంకోటి. పాలిస్టర్ రెసిన్‌తో చేసిన పడవ మీద ఎపాక్సీతో వేసిన అతుకు బాగానే పట్టుకుంటుంది. కానీ ఎపాక్సీ అతుకు మీద తర్వాత ఎవరైనా పాలిస్టర్ వేస్తే అది సరిగ్గా పట్టదు, కొన్నాళ్ళకు పెచ్చులా లేచే ప్రమాదం ఉంది. రంగు వేశాక రెండూ కంటికి ఒకటే. అంటే నేను ఎంత చక్కగా, ఎంత నిజాయితీగా అతుకు వేసినా, ఏ రెసిన్‌తో వేశానో చెప్పకుండా పోతే పదేళ్ళ తర్వాత దాన్ని బాగుచేసే మనిషికి నేను గుంట తవ్వి పోయినట్టే. ఇక్కడ సమాచారం వస్తువు గురించి చెప్పుకునే అదనపు మాట కాదు. మ్యాట్ లాగా, రెసిన్ లాగా వస్తువులో అదీ ఒక పొర. ఆ పొర వేయకపోతే పని సగంలో ఆపినట్టే.

మా ఊరికి అతుకులతో పాత సంబంధం ఒకటుంది. తూర్పు చాళుక్యుల 11వ శతాబ్దపు శాసనాలు ఒక కథ చెబుతాయి. అయోధ్య నుంచి దక్షిణానికి దండెత్తి వచ్చిన విజయాదిత్యుడు త్రిలోచన పల్లవుడితో యుద్ధంలో చనిపోయాడు. గర్భవతి అయిన రాణి ముడివేము అనే అగ్రహారం చేరింది. విష్ణుభట్ట సోమయాజి ఆమెను కూతురిలా కాపాడాడు. పుట్టిన బిడ్డ విష్ణువర్ధనుడు పెరిగి పెద్దవాడై రాజ్యం స్థాపించాడు. ఆ ముడివేము మా పెద్దముడియమేనని చరిత్రకారులు గుర్తించారు. చిన్నప్పుడు ఈ కథ విని గర్వపడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

అయితే వేంగిలో ఆ వంశం మొదలైంది 7వ శతాబ్దం తొలినాళ్ళలో, బాదామి చాళుక్య రాజు రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడితో. ఆ వంశపు తొలి శాసనాల్లో ఈ అయోధ్య కథ లేదు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత, విమలాదిత్యుడి కాలానికి గానీ అది కనపడదు. వంశానికి గొప్ప మూలం కావలసి వచ్చినప్పుడు ఎవరో అందంగా అచ్చుపోసి ముందువైపు బిగించిన ముక్క అది. ఎక్కడ అతికారో చెప్పలేదు, అతుకు అనే చెప్పలేదు. రాగిరేకు మీద మెరుగు పెట్టి ఇచ్చారు. మా ఊరికి దక్కిన ఆ కథను నేను కాదనుకోను. కానీ ఇది మొదటి రకం అతుకు. తానే అసలు అని చెప్పుకునేది.

రెండో రకం కూడా అదే వంశం పక్కనే దొరుకుతుంది. విమలాదిత్యుడి కొడుకు రాజరాజనరేంద్రుడు. ఆయన అడిగితే నన్నయ భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసం మధ్యలో ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో కన్నం అట్లాగే ఉంది. 14వ శతాబ్దంలో ఎర్రన దాన్ని పూరించాడు. ఎర్రనకు పోషకుడు ఉన్నాడు, అద్దంకి రాజు ప్రోలయ వేమారెడ్డి. హరివంశం ఆయనకే అంకితమిచ్చాడు. కానీ అరణ్యపర్వశేషాన్ని మాత్రం దాదాపు మూడు వందల ఏళ్ళ కిందట పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. నన్నయ శైలితో మొదలై మెల్లగా తిక్కన శైలి వైపు వాలుతుంది ఆయన రచన అని మన విమర్శకులు ఎప్పటినుంచో చెబుతున్నారు. రెండు వైపులా వాలుగా అరగదీసి కలిపిన అతుకు అని నా భాషలో చెప్పుకుంటాను.

ఇంతవరకే అయితే ఎర్రన వినయం గురించి మెచ్చుకుని ఊరుకోవచ్చు. నాకు ముఖ్యమైంది తర్వాతిది. పర్వం చివర ఆయన తన పేరు చెప్పుకున్నాడు. నన్నయ కవితారీతి కొంత తోచేలా, ఆయన రచనే అన్నట్టుగా ఈ శేషాన్ని పూరించినవాణ్ణి నేనని చెప్పాడు. చదివేవాడి చేతికి అతుకు తగలకుండా చేశాడు, అది అతుకు కాదని మాత్రం అనలేదు. ఈ రెండూ పరస్పరం విరుద్ధం కావని ఆయన చూపించాడు. పనిలో దాక్కోవడం వినయం. పనిచేసిన సంగతినే దాచడం మాత్రం వేరే.

పేరులేని అతుకులు ఎంత ఇబ్బంది పెడతాయో తెలియాలంటే కడప దాకా పోతే చాలు. 1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌన్ తర్వాత అక్కడే తన బంగళాలో పండితుల్ని పెట్టుకుని తాళపత్ర ప్రతులు సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి, పాఠాలు సరిచూయించాడు. 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. వేమన విషయంలో చిక్కేమిటంటే మకుటం. ఆ చివరి పాదం తగిలిస్తే ఎవడి పద్యమైనా వేమన పద్యంలా మెరుస్తుంది. అదొక జెల్‌కోట్. లోపల ఎన్ని చేతులు పడ్డాయో ఈరోజుకీ తేల్చలేకపోతున్నాం. ఆ పద్యాలు అతికినవాళ్ళలో వేమనంత మంచి కవులూ ఉండి ఉంటారు. వాళ్ళ పేర్లు మనకు మిగల్లేదు, వేమన ఏమన్నాడో కూడా నిక్కచ్చిగా మిగల్లేదు. అతుకు మంచిదైనా చెప్పకపోతే ఇద్దరూ నష్టపోతారు.

నిర్మాణాల పరిరక్షణకు 1964లో వెనిస్‌లో రాసుకున్న ఒప్పందపత్రం ఈ మాటనే నియమంగా పెట్టింది. పోయిన భాగాల చోట పెట్టే కొత్త భాగాలు మొత్తంతో కలిసిపోవాలి, అదే సమయంలో అసలు నుంచి వేరుగా గుర్తుపట్టేలా ఉండాలి. మొదటిసారి చదివినప్పుడు ఇది ఒకేసారి రెండు పడవల మీద కాళ్ళు పెట్టమన్నట్టు అనిపించింది. ఎర్రనను తలుచుకుంటే అనిపించదు.

ఇప్పుడు బావ వాదన. దాన్ని చులకన చేసి గెలవడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అది గట్టి వాదన. ముక్కు దగ్గర లప్పం అంతా తీసేసి, వాలు పట్టి, ఏడు పొరలు వేశాం. పనితనంలో వంక లేదు. రెండు సీజన్లు వాడి పడవ అమ్మేయాలని బావ ఆలోచన. "అడిగితే చెప్తాం. అడక్కుంటే మనమెందుకు చెప్పల్ల? ఇప్పుడది ముందుకన్నా గట్టిగుంది గదా?" అన్నాడు. నిజమే. లోపాన్ని దాచడం వేరు, బాగుచేసిన సంగతి చెప్పకపోవడం వేరు. మంచి మరమ్మతు లోపం కాదు. కానీ కొనేవాడి చెవిలో 'అతుకు' అన్న మాట పడగానే ధర తగ్గుతుంది. లప్పం కొట్టి అమ్మినవాడికి పూర్తి ధర, ఏడు పొరలు వేసి చెప్పినవాడికి తక్కువ ధర. నిజాయితీకి జరిమానా కట్టమంటున్నట్టే కదా?

ఈ జరిమానా చిన్నదేం కాదు. నాకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది. బావకు ఆ పడవే పెట్టుబడి. నా సిద్ధాంతానికి ఆయన జేబులోంచి డబ్బు పోవాలనడం నాకే కొంత ఎబ్బెట్టుగా ఉంది. నీతి గురించి రాసేవాళ్ళు చాలామంది ఇక్కడ గొంతు పెంచుతారు, నాకు ఆ ధైర్యం లేదు.

అయినా ఆ వాదన ఒకచోట జారుతుందనుకుంటాను. 'అడిగితే చెప్తాం' అనడంలో, అడగడం తెలిసినవాడికే నిజం దక్కుతుందని ఒప్పుకుంటున్నాం. ఫైబర్ పడవ కొనేవాడు ఏమి అడగాలి? రంగు కింద ఏముందో తెలిస్తేనే అడగగలడు. కనపడనిదాని గురించి అడిగే బాధ్యత చూడలేనివాడి మీద పెట్టి, చూసినవాడు మౌనంగా ఉండటం సమానుల మధ్య బేరం కాదు. పైగా ఆ పడవలో కూర్చునేది కొన్నవాడొక్కడే కాదు. అతని కొడుకు, కూలికి వచ్చిన మనిషి, వాళ్ళెవరూ బేరంలో లేరు. అడిగే అవకాశమే వాళ్ళకు లేదు.

ఈ మౌనం పెద్ద ఎత్తున ఎట్లా ఉంటుందో 2004 సునామీ తర్వాత కనపడింది. పడవలు పోయిన లక్షలాది మత్స్యకారుల కోసం హిందూ మహాసముద్రం చుట్టూ సాయం పోటెత్తింది. ఫైబర్ పడవలు హడావుడిగా తయారయ్యాయి. లెక్కకు పడవలు, ఫొటోలో పడవలు. వాటిలో నాసిరకంవి శ్రీలంకలో, ఇండోనేషియా ఆచేలో చాలా బయటపడ్డాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తర్వాత పనిగట్టుకుని పడవల తయారీకి శిక్షణ పుస్తకాలు తేవాల్సి వచ్చింది. ఇచ్చినవాళ్ళందరూ దుర్మార్గులని నేననను. మొహం ముందు తయారయ్యే పదార్థం అది. మొహం చూసి లెక్క రాసుకునే లోకం ఇది. రెండూ కలిస్తే జరిగేది అదే.

ఇంకో సంగతి కూడా ఉంది. చెక్క పడవ తన రహస్యాలతో పాటే కుళ్ళిపోతుంది. ఫైబర్ అట్లా మట్టిలో కలవదు. ఒకసారి ముదిరిన రెసిన్‌ను కరిగించి మళ్ళీ పోయలేం. చేసినవాడు పోయాక, కొన్నవాడు పోయాక కూడా ఆ అతుకు ఉంటుంది. నా వృత్తిలో ఇది రోజూ చూస్తాను. ఎప్పుడో మానేసి వెళ్ళిపోయిన ఎవరో రాసిన పది లైన్లు, ఎందుకు రాశారో ఒక్క ముక్క వ్యాఖ్య లేకుండా, ఈరోజుకీ నడుస్తుంటాయి. ముట్టుకోవడానికి అందరికీ భయం. పని నిలిచి, చేసినవాడి మాట నిలవకపోతే, ఆ పని వారసత్వం కాదు, తర్వాతివాళ్ళకు మిగిలిన పీడ. మన్నే పదార్థంతో పనిచేసేవాడికి మన్నే మాట చెప్పే బాధ్యత కూడా ఎక్కువే.

జరిమానా సంగతికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అందరూ చెప్పే రోజు వస్తే అతుకు చెప్పిన పడవకే ఎక్కువ ధర పలుకుతుంది, చెప్పని పడవనే అనుమానిస్తారు. ఆ రోజు వచ్చేదాకా ముందు చెప్పినవాళ్ళు నష్టపోతారు. కనీసం ఆ నష్టాన్ని అమ్మేవాడొక్కడి మీద వదిలేయకూడదు, చేసినవాడు కూడా పంచుకోవాలి అనేంతవరకు నేను గట్టిగా చెప్పగలను. తాళపత్రాలు రాసిన లేఖకులు చివర తమ పేరు, రాసిన సంవత్సరం వేసి, దోషాలుంటే మన్నించమని అడిగేవాళ్ళు. ఆ గ్రంథం ఎవరి చేతికి పోతుందో వాళ్ళకు తెలియదు. అయినా రాశారు. చెప్పాలా వద్దా అన్న నిర్ణయాన్ని ప్రతి అమ్మకంలో కొత్తగా తీసుకోనవసరం లేకుండా ఒకేసారి వస్తువులోనే పెట్టేశారు.

ఫైబర్‌లో అది చాలా సులువు. పల్చటి కాగితం మీద పెన్సిల్‌తో రాసి, రంగు కలపని రెసిన్ కింద పెడితే కాగితం అద్దంలోంచి చూసినట్టు కనపడుతుంది. నీళ్ళు తగలవు, చిరగదు, ఎవరూ ఊడదీయలేరు. మేం దాన్ని కొత్త మూతకు లోపలి వైపు పెట్టాం. బావ ఒప్పుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. పడవ కొనుక్కునేవాడు ఆ మూత తెరిచి చదివి ధర తగ్గించమంటే, తగ్గిన దాంట్లో సగం నేను ఇస్తానన్న షరతు మీద ఒప్పుకున్నాడు. ఆ షరతు నాకు న్యాయంగానే తోచింది.

కాగితం మీద ఉన్నది ఇంతే. ముక్కు కింద, ఎడమ వైపు అతుకు, తేదీ. పాలిస్టర్ రెసిన్, 450 గ్రాముల మ్యాట్ ఏడు పొరలు, వాలు పన్నెండుకు ఒకటి. ఈ మూత కొత్తది, అచ్చు పెద్దముడియంలో ఉంది, మూల వంకర సరిచేశాం. వెనక మోటారు బిగించే చోట ఒక పాత అతుకు కనపడింది, గట్టిగా ఉంది, విప్పలేదు. అది ఎవరు వేశారో, ఏ రెసినో మాకు తెలియదు.